తిన్నని అక్షరాలు

9 నవంబర్ 2024, శనివారం

నొప్పి ఏడు.

ఫిజియోథెరపీ చేయించే శుభాంగి మేడం ఈ నోటుబుక్కు తెప్పించింది. రోజూ నొప్పి పదికి ఎంతో రాయాలట, మాత్ర వేసుకున్న వేళ రాయాలట. పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. అంతకంటే ఏమీ అడగలేదు. కానీ నేను నలభై ఏళ్ళుగా పరాయివాళ్ళ పేర్లు గిన్నెల మీద కొట్టినవాణ్ణి, నాకంటూ ఒక్క పేజీ రాసుకోలేదు. మంచం మీద పడి ఉన్నాను కనక రాస్తాను.

తెలుగులో రాస్తాను. నా భార్య పార్వతి బడి చదువంతా మరాఠీలోనే. తెలుగు మాట్లాడుతుంది కానీ అక్షరం రాదు. మా అబ్బాయి మనోజ్‌దీ అదే కథ. ఈ ఇంట్లో ఇంతకు మించిన తాళం లేదు.

ధన్‌తేరస్ రోజు, నాందేడ్ అంతా గిన్నో గరిటో కొనే రోజు, మా భాండీ దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. పై అరలోంచి నీళ్ళు కాచే రాగి బంబు దించుతూ నిచ్చెన మీంచి పడ్డాను. నడుములో ఎముక చితికింది. నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు వేశారు. సామాను అమ్ముతూ అమ్ముతూ నేనే సామాన్ల అర అయ్యాను.

పడ్డప్పుడు నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది రఖమా వహినీ. అన్న భార్యను మరాఠీలో వహినీ అంటారు. ఆమె భర్త బాబురావ్ మా దుకాణం మెట్ల మీద ముప్ఫై ఏళ్ళు ఇత్తడి గిన్నెలకు కళాయి పూశాడు, ఆమె పక్కన కూర్చుని తిత్తి ఊదింది. సొంత అన్న కాదు, అంతకంటే ఎక్కువ. ఆ రోజు ఆమె ఒక చెంచా కొనడానికి వచ్చింది. అంబులెన్స్ వచ్చేదాకా కదల్లేదు, చెంచా కొనుక్కోనూ లేదు. ఆమె రుణం మొదటి పేజీలోనే రాసిపెడుతున్నాను.

13 నవంబర్

నొప్పి మూడు.

ఈ తెల్ల మాత్ర కనిపెట్టినవాడి కడుపు చల్లగా ఉండాలి. వేసుకున్న అరగంటకు పొట్టలోంచి ఒక వెచ్చదనం లేస్తుంది, చలికాలం పొద్దున బంబు పక్కన కూర్చున్నట్టు. నొప్పి పోదు. ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు ఉంటుంది. పక్కింటి గొడవ మనకెందుకు?

దొడ్డికి మాత్రం నాలుగు రోజులుగా రావడం లేదు. పార్వతి ఇసబ్‌గోల్ కలిపి గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా పోలీసులా నిలబడింది.

21 నవంబర్

నొప్పి మూడు. మాత్రలు అయిపోయాయి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పాడు: ఇది నల్లమందు జాతి మందు, రెండు వారాలకే, తర్వాత కావాలంటే నన్ను అడగాలి అని. అడగాలి. కానీ ఆయన దగ్గర గంటలు గంటలు బెంచీ మీద కూర్చోవాలి, నడుముకు మంచిది కాదు. పాత చీటీ ఇచ్చి మనోజ్‌ను మందుల దుకాణానికి పంపాను. ఇచ్చారు. దేవుడి దయ.

2 డిసెంబర్

నొప్పి రెండు.

ఈ రోజు దుకాణంలో కూర్చున్నాను. నడుముకు పట్టీ, వెనక దిండు.

నా కోపం ఈ బజారులో అందరికీ తెలుసు. పేరు కొడుతుండగా 'జల్దీ' అన్నవాడి గిన్నె తిరిగి చేతిలో పెట్టి, పోయి యంత్రంతో కొట్టించుకో అని పంపేవాణ్ణి. ఈ రోజు ఒకాయన మూడుసార్లు జల్దీ అన్నాడు. నవ్వాను. మనోజ్ నన్ను చూసి, గల్లా మూసి, మళ్ళీ చూశాడు. సాయంత్రం వాళ్ళమ్మతో చెప్పాడట: "బాపు దేవునోలె అయిండే. ముందుగాలే పడితే అయిపోవు."

యాభై తొమ్మిదేళ్ళు కోపంతో వేగిపోయాను. ఇప్పటికి శాంతి దొరికింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక మాత్రల డబ్బాకే పెట్టాను.

10 డిసెంబర్

నొప్పి రెండు. నిజామాబాద్‌లో కోడలు ప్రీతికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. బాగుంది. మధ్యాహ్నం టిఫిన్‌లో వంకాయ కూర.

11 డిసెంబర్

నొప్పి రెండు.

పార్వతి వీధంతా చక్కెర పంచింది. ఫోన్‌లో పిల్లను చూపించారు. ఎర్రగా ఉంది, అన్ని పిల్లల్లాగే. ప్రీతి, "మామా, మీ ముక్కే వచ్చింది" అంది. మంచిది అన్నాను. పార్వతి నా ముఖంలోకి చూస్తూ ఫోన్ పట్టుకుని ఇంకాసేపు నిలబడింది. నాకు నిద్ర వస్తోంది అని చెప్పాను.

పెద్దవాళ్ళు ఇలాగే ఉండాలి. సంతోషానికి ఎగరకూడదు, దుఃఖానికి కుంగకూడదు. ఇదంతా పుస్తకాల్లో చదవడమే తప్ప నాకు వస్తుందనుకోలేదు.

22 డిసెంబర్

నొప్పి రెండు. మాత్ర పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మధ్యాహ్నానిది అర మాత్రే.

పిల్లకు సాయలి అని పేరు పెడతారట. మరాఠీ పేరు. మనోజ్ గొంతు సవరించుకుని, రెండు కాళ్ళ మీద గట్టిగా నిలబడి చెప్పాడు. నేను అరుస్తానని వారం రోజులుగా జవాబులు కూర్చుకున్నట్టున్నాడు. మంచిది అన్నాను. వాడు ఇంకా కొన్ని జవాబులు చెప్పేసి వెళ్ళాడు. అంత కష్టపడి తెచ్చుకున్నవి పారేయలేక కాబోలు.

30 డిసెంబర్

నొప్పి రెండు.

ఈ రోజు నిజామాబాద్‌లో ప్రీతి పుట్టింట్లో తొట్టెల, పిల్లను ఉయ్యాల్లో వేసే పండగ. పార్వతి, మనోజ్ పొద్దున రైలుకు వెళ్ళారు. వెళ్ళొచ్చు, ఫర్వాలేదు అని శుభాంగి మేడం అంది. కానీ రైలు కుదుపు నాకు తెలుసు, ఆమెకేం తెలుసు.

మా ఇంట్లో తొట్టెల నాడు పిల్లకు ఉగ్గుగిన్నె ఇస్తారు, దాని మీద పేరు తాత తన చేత్తో కొట్టాలి. మా తాత నాకు కొట్టాడు, మా నాన్న మనోజ్‌కు కొట్టాడు. యంత్రంతో కాదు, సన్న ఉలి, చిన్న సుత్తి. నిన్న కొడదామనుకున్నాను, నిద్రపట్టింది. ఖాళీ గిన్నె పంపాను. పేరు తర్వాత కొట్టొచ్చు. పేరు ఎక్కడికి పోతుంది?

5 జనవరి 2025

నొప్పి మూడు.

మాత్ర వేళకు గంట ముందు ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటుంది. ఆ గంటలో ఎవరూ మాట్లాడించకూడదు. పార్వతి మాట్లాడించింది. ఏదో అన్నాను. తర్వాత వంటింట్లో ఆమె ఏడుస్తుంటే వినిపించింది. లేచి వెళ్ళాలని తెలుసు. వెళ్ళలేదు. నడుము.

పాత చీటీ ఒకే దుకాణంలో చూపిస్తే అడుగుతున్నారు. నేనే ఆటో ఎక్కి వేరే వేరే చోట్లకు వెళ్ళి తెచ్చుకుంటున్నాను. నడుముకు ఇబ్బంది లేదు. తెచ్చినవి దుకాణంలో పై అర మీది ఇత్తడి గుండిగలో పెట్టాను. ఇంట్లో పెడితే పోతాయని.

11 జనవరి

నొప్పి రెండు.

చేతినిండా పని. ఒక పెద్ద ఇంట్లో మనిషి పోయాడు, పదమూడో రోజుకు వచ్చినవాళ్ళందరికీ గ్లాసు పంచుతారు. నూటొక్క గ్లాసులు. మా ఊళ్ళో పోయినవాళ్ళ పేరు ఇలాగే బతుకుతుంది. పేరు కొట్టి, కింద 'యాంచ్యా స్మరణార్థ్', అంటే వీరి జ్ఞాపకార్థం, అని కొడతాం. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరింట్లోనో నీళ్ళు తాగుతూ చదివి, అరే, ఈయన, అంటారు. చేత్తో పట్టుకుని రాసే ఎలక్ట్రిక్ పెన్నుతో ఐదు రోజుల్లో అయిపోతాయి.

అది కాగానే రఖమా వహినీ గిన్నెలు. ఆమెకు డెబ్బై ఐదు నిండుతున్నాయి. పంతొమ్మిదిన వాళ్ళ మేడ మీద డెబ్బై ఐదు దీపాలతో హారతి, భోజనాలు, వచ్చినవాళ్ళకు పేరు కొట్టిన స్టీలు గిన్నె. మనవడు వైభవ్ వచ్చి చెప్పి వెళ్ళాడు. 'మధూ కాకానే కొట్టాలె, వేరేవాళ్ళు ముట్టద్దు' అని వహినీ కబురట. అడగాలా? నా పని అది.

17 జనవరి

నొప్పి ఒకటి.

ఒక్క రోజులో డెబ్బై ఐదు గిన్నెలు! కూర్చున్నవాణ్ణి లేవలేదు. రెండు మాత్రలు వేసుకుని కూర్చున్నాను, చెయ్యి దానంతట అదే పోయింది. నలభై ఏళ్ళలో ఇంత తిన్నగా ఎప్పుడూ రాలేదు, గీత గీసి కొట్టినట్టు. రఖమాబాయి బాబురావ్ యాంచ్యా స్మరణార్థ్. ఎంత నిండుగా ఉంది చూడ్డానికి! వైభవ్ సంచుల్లో మూటకట్టుకుని తీసుకెళ్ళాడు.

ఈ చేతికి, ఈ మాత్రకు, ఈ శాంతికి నేను రుణపడి ఉన్నాను.

19 జనవరి, ఆదివారం

నొప్పి రెండు. చిన్న పొరపాటు జరిగింది. గిన్నెల మీద పుట్టినరోజు మాటకు బదులు స్మరణార్థ్ పడింది. వహినీ కూతురు గిన్నె తిప్పి చదివి అక్కడే కూలబడి ఏడ్చింది. పార్వతి నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. మనోజ్ దొరికినవాళ్ళ చేతుల్లోంచి గిన్నెలు వెనక్కి తీసుకుంటూ తిరిగాడు, అప్పటికే కొందరు పట్టుకెళ్ళిపోయారు. చక్రం మీద రుద్దితే పోతుంది అని నేను చెప్పాను. నిజమే కదా, పోతుంది. వహినీ నవ్వేసి, బతికున్నవాళ్ళు పోయారని అంటే ఆయుష్షు పెరుగుతుంది, వడ్డించండి అంది. పూరణ్ పోళి, అదే బొబ్బట్టు, బాగుంది. రెండు తిన్నాను.

20 జనవరి, సోమవారం

నొప్పి రాయలేదు. ఎంతో తెలియడం లేదు.

ఈ రోజు పూర్తిగా రాయాలి, ఒక్కటీ వదలకుండా.

దుకాణం తెరిచి గంట కాలేదు, రఖమా వహినీ మెట్లెక్కి వచ్చింది. మనోజ్ సరుకుకు వెళ్ళాడు. ఆమె మరాఠీ, నేను తెలుగు, నలభై ఏళ్ళుగా మా మాట రెండూ కలిపిన ఖిచిడీ. మామూలుగా మెట్ల మీదే కూర్చుంటుంది, బాబురావ్ అన్న చోట్లో. ఈ రోజు లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుని, గుడ్డ సంచిలోంచి రెండు సామాన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఒక గ్లాసు, ఒక గిన్నె.

గ్లాసు నాకు తెలుసు. పదకొండేళ్ళ క్రితం బాబురావ్ అన్న పోయినప్పుడు నేను కొట్టినవాటిలోది. ఆ పెన్నుతో కొట్టబుద్ధి కాక, ఉలితోనే నూటొక్కటీ కొట్టాను. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. 'బా' దగ్గర ఉలి జారిన గీత కూడా ఉంది.

"ఇది నువ్వు ఏడ్చుకుంట కొట్టినవు," అంది. "నేను గీ మెట్ల మీద కూసొని సూశ్న. నీ కండ్ల నీళ్ళు గ్లాసుల పడుతుంటే అంగీతోని తుడిసి మల్ల కొట్టినవు. గందుకే గిట్ల వంకరున్నయి. నేను రోజు దీంట్లనే నీళ్ళు తాగుత."

తర్వాత గిన్నె నా ముందుకు తోసింది.

"ఇది నా పేరు. ఎంత తిన్నగున్నదో సూడు. మధూ, నన్ను సంపినందుకు నాకేం కోపం లే. డెబ్బై అయిదు అయినయి, ఎన్నడన్న పోవాలె. గని నిన్న నా బిడ్డ కింద పడి ఏడుస్తుంటే నువ్వు పోళి తింటున్నవు. నా మధు గట్ల తినడు. తులా కాయ్ ఝాలం?"

నీకేమైంది అని. ఇన్ని నెలల్లో ఎవరూ అడగలేదు. అందరూ బాగున్నావనే అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

నాకు సిగ్గు వేయాలి. వేయాలని తెలుసు. చేతిలోని సామాను ఎక్కడో పెట్టి మరిచి వెతుక్కున్నట్టు లోపలంతా వెతికాను. లేదు. నా చేత్తోనే, నన్ను ఒళ్ళో పెట్టుకున్న మనిషిని డెబ్బై ఐదుసార్లు చంపాను, కళ్ళు పొడిగా ఉన్నాయి. పిల్ల పుట్టిందన్న రోజూ పొడిగానే ఉన్నాయి. అది గుర్తొచ్చింది. పార్వతి వంటింట్లో ఏడ్చిన రోజు గుర్తొచ్చింది. నడుము కాదు. ఆ రోజు నడుము బాగానే ఉంది.

లేచి నిచ్చెన వైపు వెళ్ళబోతే వహినీ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకోసారి నిన్ను ఒళ్ళో మోసే ఓపిక నాకు లేదు అంది. పొడుగు కొక్కెం కర్రతో నేనే ఆ గుండిగ దించాను, దాంట్లో ఉన్నవన్నీ బల్ల మీద పోశాను. మాత్రల రేకులు, ఖాళీవి, నిండువి. ఆమె చదువుకోలేదు, కానీ చూడగానే అర్థమైంది. ఖాళీ రేకులు ఒక పక్కకు, నిండువి ఒక పక్కకు జరిపింది.

"నా పెద్ద మరిది ఇట్లనే తాగుడుల పోయిండు," అంది. "నొప్పికని మొదలువెట్టిండు. పొద్దున డాక్టర్ తాన పోదాం. నేను ఆటోల కూసుంట. ఇప్పుడు ఇంటికి పోయి పార్వతికి చెప్పు."

చెప్పాను. రేకుల సంగతి, దుకాణాల సంగతి, అన్నీ. పార్వతి వింటూ కొత్తిమీర తుంచుతూనే ఉంది.

"అంగీ జేబుల్ల రేకులు నేనే తీసి పారేశ్న," అంది. "డాక్టరే ఇచ్చిండనుకున్న. మీరు నిమ్మలంగున్నరని నేను గూడ గమ్మునున్న. తప్పు నాది గూడ ఉన్నది."

తప్పు ఆమెదా? ఆమెది ఎందుకవుతుంది?

21 జనవరి

నొప్పి నాలుగు.

బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం, నేను, పార్వతి, మధ్యలో వహినీ. ఏమీ కాలేదు నడుముకు.

డాక్టరు అరుస్తాడనుకున్నాను. అరవలేదు, రేకులన్నీ చూసి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఒక్కసారి మానేస్తే ఒళ్ళు తిరగబడుతుంది, సొంతంగా ఏమీ చేయొద్దు, వారం వారం కొంచెం కొంచెం తగ్గిద్దాం, ప్రతి సోమవారం వచ్చి చూపించాలి అన్నాడు. మరి ఏడుపూ సంతోషమూ ఎక్కడికి పోయాయి సార్ అని అడిగాను. పిచ్చి ప్రశ్న అనుకుంటాడని భయపడుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు. కొందరిలో ఈ మందు నొప్పితో పాటు మిగతావాటినీ మొద్దుబారుస్తుంది, అందరిలో కాదు, ఆపరేషనూ మంచమూ కూడా మనిషిని అలా చేయొచ్చు, తగ్గించి చూద్దాం అన్నాడు. ఇది రోగులు సిగ్గుపడి చెప్పరు, మీరు చెప్పారు, మంచిది అని కూడా అన్నాడు.

చెప్పింది నేను కాదు. పక్కన కూర్చున్న వహినీ.

మాత్రలు ఇక పార్వతి దగ్గర ఉంటాయి, పోపుల డబ్బాలో, ఆవాల పక్కన.

27 జనవరి

నొప్పి ఆరు. ఆవులింతలు, ముక్కు నీళ్ళు, కాళ్ళు మంచం మీద నిలవవు. డాక్టరు మధ్యాహ్నం మాత్ర తీసేశాడు. వహినీ గిన్నెలు డెబ్బై ఐదూ తిరిగి వచ్చాయి. పట్టుకెళ్ళినవాళ్ళ ఇళ్ళకు తిరిగి వైభవ్ తెచ్చి ఇచ్చాడు. చక్రం మీద ఒక్కొక్కటీ రుద్ది, మళ్ళీ కొట్టాలి. ఈ రోజు మూడు చేశాను.

30 జనవరి

నొప్పి ఆరు. రాత్రి లేచి పోపుల డబ్బా దాకా వెళ్ళి వచ్చాను. తెరవలేదు. తెరిచాను, తీసుకోలేదు. పార్వతి మెలకువగానే ఉందని ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది.

3 ఫిబ్రవరి

నొప్పి ఐదు. ఐదు గిన్నెలు.

ఒకావిడ దుకాణంలో జల్దీ అంది. గిన్నె తిరిగి ఆమె చేతిలో పెట్టేశాను. ఆమె వెళ్ళాక మనోజ్ గల్లా దగ్గర నవ్వాపుకోలేక ఒంగిపోయాడు. తిడదామనుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నడుము పట్టుకుంది, అయినా ఆపుకోలేదు.

9 ఫిబ్రవరి, ఆదివారం

నొప్పి ఐదు.

పార్వతి చిక్కుడుకాయలు ముందేసుకుని, రోజూ ఆ బుక్కులో ఏం రాస్తారు, చదివి వినిపించండి అంది. నొప్పి లెక్క అన్నాను. అదే చదవండి అంది.

దాచుకునే ఓపిక ఇక లేదు. మొదటినుంచీ చదివాను. బంబు వెచ్చదనం దగ్గర ఆమె నవ్వింది. డిసెంబర్ పదో తారీఖు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. నిజామాబాద్‌లో కోడలు ప్రీతికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. బాగుంది. మధ్యాహ్నం టిఫిన్‌లో వంకాయ కూర.

పార్వతి చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టింది.

"ఆ దినం టిఫిన్ల పేడాలు గూడ పెట్టిన," అంది. "నాలుగు. వంకాయ కూర మీది గిన్నెల, పేడాలు కింది గిన్నెల. తాతైండని. అది రాయలే మీరు."

నాకు గుర్తులేదు. తిన్నానో, ఎవరికైనా ఇచ్చానో, ఆ కింది గిన్నె తెరిచానో లేదో కూడా గుర్తులేదు. ఆమె పొద్దున్నే లేచి కోవాకు పాలు మరగబెట్టి ఉంటుంది. తొలి మనవరాలు. నేను వంకాయ కూర అని రాసుకున్నాను.

అక్కడ మొదలైంది. నోటుబుక్కు మీద బొట్లు పడి సిరా అలుక్కుపోయింది. బాబురావ్ అన్న పోయినప్పటి తర్వాత ఇంతగా ఏడ్వలేదు. ముక్కు కారుతోంది, నడుము కోస్తోంది, ఏడుస్తూనే ఉన్నాను. పార్వతి చిక్కుడుకాయలు పక్కకు తోసి వచ్చి నా వీపు నిమిరింది. ఊరుకోండి అనలేదు. ఆమెకు తెలుసు, ఊరుకోవద్దని.

దేవుడా, తిరిగి ఇచ్చావు. ఇంత నొప్పితో ఇచ్చావు, అయినా ఇచ్చావు.

24 ఫిబ్రవరి, సోమవారం

నొప్పి నాలుగు. ఈ రోజుతో తెల్ల మాత్ర పూర్తిగా ఆగింది. ఇక నొప్పికి మామూలు మాత్ర, వ్యాయామం. నాలుగుతో బతకొచ్చు అని డాక్టరు అన్నాడు. నాలుగుతో నేను చాలా హాయిగా బతుకుతాను.

1 మార్చి

నొప్పి నాలుగు. డెబ్బై నాలుగు గిన్నెలు రుద్ది, పుట్టినరోజు మాట కొట్టి, ఇంటింటికీ వెళ్ళి ఇచ్చి, తప్పయింది అని నా నోటితో చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు చాయ్ ఇచ్చారు. ఒకావిడ తలుపు సగమే తెరిచింది. అదీ న్యాయమే.

ఒక గిన్నె రుద్దొద్దని వహినీ ఆపింది. తన దగ్గర పెట్టుకుంటుందట. "నా పదమూడో దినానికి ఒకటి తయారుగున్నది గదా, తక్కువ కొట్టొచ్చు" అంది. ఆమె నవ్వుతోంది, నాకు మళ్ళీ కళ్ళు నిండాయి. అటు తిరిగాను. చూసిందనే అనుకుంటాను.

9 మార్చి, ఆదివారం

నొప్పి ఐదు. తెల్లవారకముందే లేచి ఒంగి కూర్చున్నందుకు.

ఈ రోజు ప్రీతి పిల్లను తీసుకుని నాందేడ్ వచ్చింది. మూడో నెల నిండవస్తోంది. నేను స్టేషనుకు వెళ్ళాను, రైలు రాకముందు గంట వెళ్ళాను. ప్రీతి పిల్లను నా చేతుల్లో పెట్టింది. ఫోన్‌లో అన్ని పిల్లల్లాగే ఉందనుకున్న ఆ ముఖం నా ముక్కుతో నన్నే చూసింది. పోర్టర్లు, టీ అమ్మేవాళ్ళు, అందరి ముందూ భోరుమన్నాను. ప్రీతి కంగారుపడింది. మనోజ్ కంగారుపడలేదు, సామాను దించుతూ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆటోలో అడిగాను, "సాయలి ఏంది? తెలుగుల పేర్లే దొరకలేదా మీకు? మా తాత వింటె ఏమనాలె?" అని. మనోజ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. వాడి దగ్గర డిసెంబర్‌లో మిగిలిపోయిన జవాబులు ఇంకా ఉన్నాయి, అన్నీ వరసగా చెప్పాడు. నేనూ వదల్లేదు. ఇల్లు వచ్చేదాకా అరుచుకున్నాం. పార్వతి ఆ మధ్యలో కూర్చుని పిల్లను ఊపుతూ, పండగకు వచ్చినదానిలా ఉంది.

పేరు సాయలే. ఓడిపోయాను.

ఉగ్గుగిన్నె సంచిలోంచి తీసి ప్రీతి నా ముందు పెట్టింది. ఖాళీ గిన్నె, రెండు నెలలుగా ఆ పిల్ల దాంతోనే తాగుతోంది. సన్న ఉలి, చిన్న సుత్తి తీశాను. మూడు అక్షరాలకు గంటన్నర పట్టింది. నడుము మధ్యలో రెండుసార్లు లేపింది. 'సా' కొంచెం పైకి పోయింది, 'య' దగ్గర కళ్ళు మసకై ఉలి జారింది. రుద్ది మళ్ళీ కొడదామా అనుకుంటుండగా రఖమా వహినీ పిల్లను చూడ్డానికి వచ్చింది.

ముందు పిల్లను చూడలేదు. నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. ఆమెకు చదవడం రాదు. వేలితో అక్షరాల మీద మెల్లగా రాసింది, పైకి పోయిన చోట పైకి, జారిన చోట కిందికి. తర్వాత గిన్నె నా ఒళ్ళో పెట్టింది.

"హా," అంది. "ఇది మా మధు చెయ్యి."